అంబలిలో చుక్కలు

"పెట్టను. చెయ్యి నరికినా సంతకం పెట్టను."

పొద్దన్నించి ఎర్రిస్వామి ఆ మాట అనడం ఇది నాలుగోతూరి. అరుగు మీద గొంతుక్కూర్చోని ఎదురింటి గోడకు చెప్తాండాడు. నోట్లో నిప్పులు కురుస్తాండాయి గానీ కాగితం మటుకు తొడ కింద భద్రంగా ఉండాది. చించి పారేస్తాడా అంటే పారేయడు, పెడతాడా అంటే పెట్టడు. నాలుగు దినాల నించి ఇదే వరస.

వాకిట్లో బట్టలు పిండుతాండిన ఉమాదేవి తలెత్తలే. ఆయమ్మకు ఆ కాగితంలో ఏముండాదో కండ్లు మూసుకున్నా కనబడతాది. 'నేను తాగి డ్యూటీకి వచ్చినాను. తప్పయింది.' అంతే, రెండు వాక్యాలు. కింద చేవ్రాలుకు జాగా. సంతకం పెడితే బస్సుల ఓనరు బయ్యన్న ఆరునెల్లు షెడ్డులో బస్సులు కడిగే పని ఇస్తాడంట. ఆ తర్వాత మళ్ల స్టీరింగు సంగతి చూస్తాడంట. పెట్టకపోతే, ఎర్రిస్వామి ఫోటో, పేరు జిల్లాలోని అన్ని షెడ్డుల ఫోన్లకూ పోతాయి. రెండోతూరి పట్టుబడినోనికి ఇంక ఎవుడూ తాళంచెవి ఇయ్యడు. గడువు రేపు పదకొండు గంటలకు.

"నా కొడుకు తాగలేదంటే తాగలే!" గడప మీద కూర్చోని చెనిక్కాయలు ఒలుస్తా అందుకునింది అత్త నల్లమ్మ. "మెడలో తులసిమాల ఉండాది. పాండురంగసామి మాల ఏసుకున్నోడు తాగితే కండ్లు పోతాయి. వానికి కండ్లు బాగనే ఉండాయి గదా?"

ఉమాదేవి చీరను తిప్పి తిప్పి పిండింది.

"ఏమే, నీకే చెప్పేది. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకోనుండావా? మొగుని తరపున ఒక్క మాట మాట్లాడవే! ఇంట్లో ఆడది గట్టిగా నిలబడితే బయట మొగోనికి మర్యాద ఉంటాది."

"నేనేం మాట్లాడల్ల అత్తా? ఆ మిషను ముందర నేను నిలబడి ఊదితినా?"

"అదే! ఆ మిషనుకే తిక్క పట్టిండాది!"

లోపల్నించి ఇంద్రాణి జడేసుకుంటా వచ్చింది. మెడలో కంపెనీ కార్డు ఏలాడతాండాది. సోమందేపల్లె దగ్గరి బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద పని ఆ పిల్లకు. రెండో షిఫ్టు. పదకొండింటికి కళ్యాణదుర్గం షెడ్డు కాడ బస్సెక్కితే రెండింటికి లైన్లో కూర్చుంటాది. ఆ బస్సు నడిపింది ఇన్నాళ్లూ వాళ్ల నాయనే.

"అవ్వా, గమ్మునుండు. మిషనుకు మనింటి మీద పగ ఉండాదా?"

"నువ్వు కూడా నమ్మవా బిడ్డా?" అన్నాడు ఎర్రిస్వామి. గోడను ఒదిలి కూతురి పక్క తిరిగినాడు.

"నమ్మితే ఏం, నమ్మకపోతే ఏం నాయనా. ఆ దినం నేను మూడో సీట్లో కూర్చోనుంటి. షెడ్డు జయరాముడన్న కిటికీ కాడికొచ్చి, డ్రైవరు మారతాండాడు, పది నిమిషాలు ఆగండమ్మా అన్నాడు. ఏంటికని ఒకామె అడిగితే ఊదినాడు, ఎర్రలైటొచ్చింది అని చెప్పినాడు. నలభై మంది నా మొగం చూసినారు. నీ మొగం కాదు, నా మొగం."

"అది అంబలి తాగే యాల. ఖాళీ కడుపు. పులుపుకు ఏమన్నా..."

"ముప్పై ఎనిమిది చూపించింది నాయనా. అంబలికి ముప్పై ఎనిమిది వస్తే ఈ జిల్లాలో ఒక్క బస్సన్నా కదలదు."

ఇంద్రాణి చెప్పులేసుకోని పోయింది. షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడినంతసేపూ ఎనక్కి తిరిగి చూడలే. ఎర్రిస్వామి కాగితాన్ని తొడ కింద నించి తీసి, ఒకతూరి చూసి, మళ్ల ఆడనే పెట్టుకున్నాడు.

అంబలి అనే మాట వినబడినప్పుడంతా ఉమాదేవి చూపు వంటింట్లోని పిండిడబ్బా పక్కకు పోతాండాది, నాలుగు దినాల్నించి.

ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరికీ తెలీని సంగతి ఒకటుండాది. రెండేండ్ల కిందట ఎర్రిస్వామి తాగి బస్సును కల్వర్టు గోడకు రాపించినాడు. అప్పుడే మొదటితూరి పట్టుబడినాడు. ఇంక ముట్టనని మాల ఏసుకున్నాడు. ఊరంతా భేష్ అనింది. ఉమాదేవి కూడా సామికి టెంకాయ కొట్టింది. కొట్టి, ఆ వారమే కళ్యాణదుర్గం సంతకు పోయి, తువ్వాలు పరచి మందులమ్మే ఆయప్ప కాడ తాగుడు మానిపించే మందు తెచ్చుకునింది. ఎవరికీ తెలీకుండా దినామూ ఒక మూత కూట్లో గానీ అంబలిలో గానీ కలపల్ల, తాగేటోనికి తెలిస్తే పని చేయదు అని ఆయప్ప చెప్పినాడు. ఎర్రిస్వామి దినామూ స్టీలు సీసాలో రాగంబలి పట్టుకోనిపోయి, షెడ్డు కాడ తాగి, మిషన్లో ఊది, తాళంచెవి తీసుకుంటాడు. దినామూ ఆ సీసాలో ఒక మూత పడింది. రెండేండ్లు పడింది. మందుసీసా అయిపోతే ఇంగోటి తెచ్చింది. జొన్నపిండి డబ్బాలో దాచింది.

దేవున్ని నమ్మలేదా అంటే నమ్మింది. మొగున్నే నమ్మలే.

* * *

మధ్యాన్నం మూడింటికి షెడ్డులో క్లాసు. పట్టుబడినోళ్లు పెండ్లాలను పిల్చుకోని రావల్లని బయ్యన్న ఆర్డరు. రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలేసినారు. ఇరవై మంది డ్రైవర్లు, ఐదారుగురు ఆడోళ్లు. ఫ్యాను తిరుగుతాండాది గానీ వేడిగాలే ఇసురుతాండాది.

క్లాసు చెప్పడానికి అనంతపురం నించి వనజాక్షి మేడం వచ్చింది. యాభై ఏండ్లామె. ముందర ఆస్పత్రిలో నర్సుగా చేసిందంట. ఇప్పుడు కంపెనీలు తిరిగి లారీ డ్రైవర్లకు, బస్సు డ్రైవర్లకు ఈ పాఠాలు చెప్తాది. సుద్దులు చెప్పే మనిషి కాదు. వచ్చీ రాంగానే సంచిలోంచి ఊదే మిషను తీసి బల్ల మీద పెట్టింది.

"బయ్యన్నా, మీకు అలవాటుండాదా?"

తెల్లచొక్కా బయ్యన్న ఛాతీ ఇరిచినాడు. "మా ఇంటా వంటా లేదు మేడం."

"అయితే ఊదండి."

ఊదినాడు. సున్నా. పచ్చలైటు. వనజాక్షి దగ్గుమందు సీసా తీసి ఒక మూత ఆయన చేతికిచ్చింది. "ఇది మింగండి. మింగి మళ్ల ఊదండి."

బయ్యన్న మింగి ఊదినాడు. మిషను కీచుమనింది. ఎర్రలైటు. నలభై ఒకటి.

షెడ్డంతా గొల్లుమనింది. "అన్నా, నీకు తాళంచెవి ఇయ్యం!" అని ఎనకనించి ఎవడో అరిచినాడు. బయ్యన్న కూడా నవ్వినాడు గానీ ఆ నవ్వు పండ్ల దాకానే ఉండాది.

"ఇప్పుడు ఈయన తాగినట్లా?" అనింది వనజాక్షి. "కాదు. మందులో ఉండే స్పిరిట్ నోట్లో తడి మీద నిలబడింది. నీళ్లు పుక్కిలించి పావుగంటాగి ఊదితే పోతాది. నిజంగా తాగినోనికైతే పావుగంటకు పోదు, గంటలు పడతాది. అందుకే ఎర్రలైటొచ్చినప్పుడు రెండోతూరి ఊదించల్ల. ఇది రూలు. ఎర్రిస్వామికి రెండోతూరి ఊదించినారా?"

తాళంచెవుల బుక్కు రాసే జయరాముడు నేల చూసినాడు. "బస్సుకు టైమైపోయిండె మేడం."

ఉమాదేవి మొగుని పక్క చూసింది. ఈ మాట కోసమే గదా నాలుగు దినాలుగా గోడతో కొట్లాడతాండాడు! లేచి నిలబడి, చూసినారా నాయన్లారా అని అరుస్తాడనుకునింది. ఎర్రిస్వామి లేవలే. గోళ్లు చూసుకుంటా కూర్చున్నాడు. పాపం, మనిషి మనసు ఇరిగిపోయిండాది అనుకునింది ఉమాదేవి.

పావుగంటకు బయ్యన్న మళ్ల ఊదినాడు. సున్నా.

వనజాక్షి ఆడోళ్ల పక్క తిరిగింది. "అమ్మా, ఈ మాట మీకు. సంతల్లో తాగుడు మానిపించే మందని అమ్ముతారు. మొగునికి తెలీకుండా కలపమంటారు. అట్లాటి కొన్ని మందుల్లో ఉండేది స్పిరిట్టే. మీరు మంచికి పెడతారు, ఆయప్ప డ్యూటీ కాడ పట్టుబడతాడు. మొగోన్ని మాన్పించల్లంటే డాక్టరు కాడికి పిల్చుకోని పోండి, ఎదురుగా మాట్లాడండి. దొంగతనంగా పెట్టొద్దండి. ఎవరన్నా పెట్టింటే ఇప్పుడు చెప్పండి. నేనేమీ అనను."

ఎవరూ చెయ్యెత్తలే. ఉమాదేవి రెండు చేతులూ ఒడిలో పెట్టుకోని, కొంగు కింద దాచుకునింది.

రెండేండ్లు మానుకోనున్న మొగున్ని తనే తన చేత్తో తాగుబోతును చేసింది గదా! ఆ మాట లోపల గిరగిరా తిరుగుతాంటే వనజాక్షి ఆ తర్వాత చెప్పిందేదీ ఆయమ్మ చెవులకు ఎక్కలే.

* * *

దీపాలు పెట్టే యాలకు ఉమాదేవి పిండిడబ్బాలో చెయ్యి పెట్టి సీసా తీసింది. పైన పిండిని కొంగుతో తుడిచింది. తీసుకొచ్చి ఎర్రిస్వామి ముందర నేల మీద పెట్టింది.

"ఏందిది?"

"మందు."

"ఎవరికి?"

"నీకే."

ఎర్రిస్వామి సీసా చూసినాడు, పెండ్లాన్ని చూసినాడు. ఉమాదేవి చెప్పింది. సంత నించి మొదులుపెట్టి మూతదాకా అంతా చెప్పింది. మధ్యలో యాడా ఆపలే. ఆపితే మళ్ల చెప్పలేనని ఆయమ్మకు తెలుసు.

"ఎన్నాళ్ల నించి?"

"నువ్వు మాల ఏసుకున్న వారం నించి."

ఎర్రిస్వామి లేచినాడు. లేచి చేతికందిన చెంబును ఇసిరి గోడకు కొట్టినాడు.

"రెండేండ్లు! రెండేండ్లు నేనే మానినా అనుకుంటినే! ఏకాదశి ఏకాదశికి పోయి సామి ముందర పొర్లుదండాలు పెడితి. ఊర్లో నలుగురు కుర్రోళ్లకు బుద్ధి చెప్తి. ఎర్రిస్వామిని చూసి నేర్చుకోండిరా అని పంచాయితీలో అంటాంటే ఎదురొమ్ము ఇరుచుకోని తిరిగితి. ఇంట్లో పెండ్లాం మటుకు అంబలిలో చుక్కలు కలుపుతాండాది!"

"నాకు భయమయ్యా..."

"భయమా? నేను నీకు మనిషిగా కనబడలేదా? గొడ్డుకు తవుట్లో కలిపి పెడతారు మందు! నన్ను ఒక్క దినమన్నా నమ్మినావా? ఒక్క దినం?"

నల్లమ్మ రొమ్ము కొట్టుకుంటా వచ్చింది. "అయ్యో, అయ్యో! మొగునికి మందు పెట్టిందిరా నాయనా! నా కొడుకు నోటికాడి కూడు తీసేసింది! నీ చేతులు పడిపోను! నీ ఇల్లు మన్నైపోను! ఇదీ నీ ఇల్లేనని కూడా తెల్దుగదే నీకు!"

ఉమాదేవి ఎదురు చెప్పలే. తప్పు చేసినదానికి ఏం నోరుంటాది? తిట్టనీ, కొట్టనీ, అన్నీ పడల్ల అనుకోనే ఆ సీసా బయటపెట్టింది. తిట్లన్నీ అయిపోయినాక, నల్లమ్మ ఆయాసంతో కూలబడినాక, నిదానంగా అనింది:

"రేపు నేనొస్తా."

"యాడికి?"

"షెడ్డుకు. మేడం రేపు కూడా ఉంటాదంట. ఆయమ్మ ముందర ఇదే మందు అంబలిలో కలుపుకోని నేను తాగుతా. నేనే ఊదుతా. ఎర్రలైటొస్తే నీ తప్పు లేదని తేలిపోతాది. నిన్ను కాగితం అడిగే మొగం బయ్యన్నకు ఉండదు."

ఎర్రిస్వామి ఇసరడానికి ఇంగో చెంబు వెతుకుతాండాడు. చెయ్యి ఆడనే ఆగిపోయింది.

బయట ఎవరిదో మేకల మంద పోతాండాది. అది పోయేదాకా ఆగినాడు.

"వద్దు."

"ఏంటికి?"

"వద్దంటే వద్దు. ఆడదానివి. డ్రైవర్లు, క్లీనర్లు, బస్సులో నలభై మంది ఆడోళ్లు... అందరూ చూస్తాంటే సారా మిషను నోట్లో పెట్టుకుంటావా? రేపట్నించి నిన్నేమంటారు? ఊదిన ఉమాదేవి అంటారు. నా బిడ్డను ఊదినదాని కూతురంటారు."

"అననీ."

"వద్దులే ఉమా." ఆయప్ప గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అయిందేదో అయింది. రేపు పోయి సంతకం పెట్టేస్తా. ఆరునెల్లే గదా, బస్సులు కడుగుతా. నిన్ను బజారుకీడ్చి నేను స్టీరింగు పట్టుకోవల్లనా? అంతకు దిగజారలేదులే."

ఉమా అని పిలిచి ఎన్నేండ్లయిందో. ఏమే, ఓసే తప్ప పేరు పెట్టి పిలవని మనిషి. చేయని తప్పును చేసినానని ఒప్పుకుంటాడంట, పెండ్లాం మర్యాద కోసం! ఇట్లాంటోన్నా నేను అనుమానించింది అనుకోని ఉమాదేవి మోకాళ్ల మీద తల పెట్టుకోని ఏడ్చింది. పండ్లు కొరుక్కుంటా, బయటికి వినబడకుండా ఏడ్చింది. నల్లమ్మ కూడా ఏమనుకునిందో ఏమో, "ఊరుకోవే, వాడే వద్దంటాండాడు గదా" అనింది.

ఆ ఏడుపులోనే ఉమాదేవి గట్టిగా ఒక మాట అనుకునింది. ఆయన వద్దన్నా సరే, పోవల్ల.

* * *

మర్నాడు ఎర్రిస్వామి పదింటికే బండి మీద పోయినాడు. ఆయప్ప సందు మలుపు తిరిగినదాకా చూసి, ఉమాదేవి స్టీలు సీసాలో అంబలి పోసుకునింది. మందుసీసా సంచిలో ఏసుకునింది. ఇంద్రాణికి పొద్దన్నే సంగతంతా చెప్పిండాది.

ఇంద్రాణి అంతా విని, ఒక్కటే అడిగింది. "అమ్మా, నిజంగా చుక్కలేనా?"

"ఇంకేముంటాది బిడ్డా!"

"అయితే పా. నా నాయన తాగలేదని నలభై మంది ముందర తేలిపోతే నాకంటే సంతోషం ఎవరికి?"

నాలుగు దినాల తర్వాత ఆ పిల్ల మొగంలో నవ్వు కనబడింది. ఆటోలో తల్లి చెయ్యి పట్టుకోనే కూర్చునింది.

షెడ్డు కాడ బస్సు నిలబడిండాది. ఆడోళ్లు ఎక్కుతాండారు. ఇంద్రాణి కూడా పోయి ఎక్కింది. రేకుల కింద బల్ల కాడ బయ్యన్న, జయరాముడు, వనజాక్షి మేడం. ఎర్రిస్వామి కాగితం బల్ల మీద పెట్టి పెన్ను అందుకుంటాండాడు.

"ఆగయ్యా!"

ఆ అరుపుకు బస్సులోని తలకాయలన్నీ కిటికీలకొచ్చినాయి. ఉమాదేవి కొంగు నడుముకు చెక్కుకోని నేరుగా బల్ల కాడికి పోయింది. ఊరి పెద్దమనిషి ముందర ఎప్పుడూ తలెత్తని మనిషి. ఈపొద్దు బయ్యన్న మొగం చూసి మాట్లాడింది. మందు సంగతి, అంబలి సంగతి, అన్నీ. "నేను పెట్టినాను, ఆయప్పకు తెల్దు. ఇప్పుడు నేను తాగుతా. ఊదించు మేడం."

"ఇంటికి పా!" ఎర్రిస్వామి వచ్చి రెట్ట పట్టుకున్నాడు. "నిన్న చెప్పలేదా నీకు? పా ముందర!"

"ఒదులయ్యా. నీ కోసమే."

"నా కోసం వద్దంటాండా గదే!"

"ఒదలండి," అనింది వనజాక్షి. "మనిషి ఇంత దూరమొచ్చింది."

మొదట ఉమాదేవితో ఏమీ తాగకుండా ఊదించింది. గొట్టం నోట్లో పెట్టుకోంగానే డ్రైవర్లలో ఎవడో కిసుక్కున నవ్వినాడు. ఆయమ్మ కండ్లు మూసుకోని ఊదింది. సున్నా వచ్చింది. తర్వాత గ్లాసులో అంబలి పోసి, అందరికీ కనబడేట్లు ఒక మూత మందు కలిపి, గటగటా తాగింది.

"ఊదమ్మా. గట్టిగా. ఇంకా... ఇంకా... ఇంకా..."

మిషను గుర్రుమనింది. ఆగింది.

పచ్చలైటు. సున్నా.

"సరిగ్గా ఊదలేదేమో," అనింది ఉమాదేవి. "ఇంగోతూరి."

ఈతూరి అంబలి లేకుండా వట్టి మందే మూతకు పోసుకోని తాగింది. ఒకటి కాదు, రెండు మూతలు. కండ్ల నీళ్లొచ్చేదాకా ఊదింది.

సున్నా.

వనజాక్షి సీసా తీసుకోని వాసన చూసింది. ఏలు ముంచి నాలిక మీద పెట్టుకునింది. "ఇందులో స్పిరిట్ లేదమ్మా. బెల్లం నీళ్లు. కాసింత కరక్కాయ పొడి కలిపినట్లుండారు. ఆ సంతలోడు నిన్ను మోసం చేసినాడు."

ఉమాదేవికి మొదట అర్థమయింది ఒక్కటే. ఎర్రిస్వామి పక్క తిరిగి, మొగం ఇంత చేసుకోని అనింది: "బెల్లం నీళ్లంటయ్యా! రెండేండ్లు నేను పెట్టింది వట్టి నీళ్లు! మానింది నువ్వేనయ్యా. నీయంతట నువ్వే మానినావు!"

ఆయప్ప ఒకడుగు ఎనక్కేసినాడు.

"వినబడతాందా? నా మందు కాదు, నువ్వే..."

అప్పుడు చూసింది ఉమాదేవి. చుట్టూ ఎవరూ తనను చూడటంలే. జయరాముడు, డ్రైవర్లు, కిటికీల్లోని ఆడోళ్లు, అందరూ ఎర్రిస్వామినే చూస్తాండారు. ఆయప్ప నేల చూస్తాండాడు. నిన్న క్లాసులో గోళ్లు చూసుకున్నట్లే.

బెల్లం నీళ్లకు సున్నా వస్తాది. మరి ముప్పై ఎనిమిది?

ఆయమ్మ మొగుని ముందరికి పోయి నిలబడింది. "తాగినావా?"

ఎర్రిస్వామి మెడలోని మాలను చొక్కా లోపలికి దోపుకున్నాడు.

"గోడకు చెంబిసిరినావే. గొడ్డుకు పెట్టినట్లు పెట్టినావంటివే. ఒక్క దినమన్నా నమ్మినావా అని అడిగితివే! నిన్న రాత్రంతా నీ కాళ్లు పట్టుకోవల్లని ఏడుస్తి గదయ్యా! వద్దులే ఉమా అనింది నా మర్యాద కోసం కాదా?"

"ఒక్క దినమే," అన్నాడు ఎర్రిస్వామి, ఆయమ్మకు మటుకే వినబడేట్లు. "ముందురోజు రాత్రి, మా మేనత్త కొడుకు దినాల కాడ. ఒక్క దినమే ఉమా. మాల తీసి జేబులో పెట్టుకోని తాగినా."

నమ్మల్లనో వద్దో ఉమాదేవికి తెలీలే. ఇన్నాళ్లూ నమ్మకుండా ఉండటానికి ఒక సీసా ఉండె. ఇప్పుడు అదీ లేదు.

ఎర్రిస్వామి ఒంగి సంతకం పెట్టినాడు. చెయ్యి నరికినా పెట్టనన్న మనిషి, ఎవరూ అడక్కముందే పెట్టినాడు. బయ్యన్న కాగితం ఎత్తి చూసి, మళ్ల బల్ల మీద పెట్టి, కింద తన చేత్తో ఇంగో వాక్యం రాసినాడు.

"ఊరికే పని ఇచ్చేదానికి నాదేమన్నా ధర్మసత్రమా? నా బస్సు బోర్లాపడితే టీవీల్లో నా మొగం వస్తాది. రెండోతూరి దొరికినోడు, ఇంత నాటకమాడినోడు. ఇంటోళ్లు పూచీ ఉండల్ల. 'నా భర్త ఇంక తాగడు, ఆరునెల్ల తర్వాత బస్సు ఇయ్యొచ్చు, నాది పూచీ' అని రాసినా. పెట్టమ్మా ఉమాదేవీ. నువ్వు పెడితేనే ఆయన ఈ షెడ్డులో ఉంటాడు. లేదంటే ఇప్పుడే ఫోటో పంపిస్తా."

"బయ్యన్నా, ఆయమ్మ మీద పెట్టడం న్యాయం కాదు," అనింది వనజాక్షి. "ఇది మా పద్ధతిలో లేదు."

"మీ పద్ధతి క్లాసు దాకా మేడం. ఇది నా షెడ్డు."

పెన్ను ఉమాదేవి చేతిలోకొచ్చింది. ఎర్రిస్వామి తలెత్తినాడు. నాలుగు దినాల్లో మొదటితూరి పెండ్లాం కండ్లలోకి చూసినాడు. అడిగే మొగం లేదని ఆయప్పకూ తెలుసు. అయినా కండ్లు బతిమాలుతానే ఉండాయి.

పెట్టకపోతే ఇల్లు కూలిపోతాది. ఈ ఎండాకాలం వాళ్లకుండే కాసింత బీడు భూమి ఏమీ పెట్టదు. పెడితే, మొగున్ని నమ్మినానని ఇన్నేండ్లూ నోరారా అనలేని మాటను రాసి ఇచ్చినట్లు.

బస్సు కొత్త డ్రైవరు హారన్ కొట్టినాడు. ఉమాదేవి కాగితం మీదికి ఒంగింది.

"అమ్మా."

ఇంద్రాణి. మూడో సీటు కిటికీలోంచి చూస్తాండాది. పొద్దన్నే వచ్చిన నవ్వు ఆ మొగంలో యాడా లేదు. గొంతు కూడా ఎత్తలే, పక్కనోళ్లకు చెప్పినట్లు చెప్పింది.

"ఆరునెల్ల తర్వాత ఆ బస్సులో కూర్చునేది నేను. బాగా చూసుకోని పెట్టు."

బస్సు కదిలింది. ఉమాదేవి పెన్ను పట్టుకోని అట్లనే ఒంగి ఉండిపోయింది.